చెప్పే కుర్చీ

జొన్నరొట్టె తట్టేటప్పుడు కళ్లు పిండి మీదే ఉండనక్కర్లేదని నవనీతకు పెళ్లయిన రెండో ఏడే తెలిసింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే కళ్లను ఎక్కడికైనా పంపుకోవచ్చు. ఆదివారం సాయంత్రం అయిదున్నరకు, యూరప్‌లో మధ్యాహ్నం రెండయ్యే వేళకు, ఆమె కళ్లు గోడకు ఆనించి పెట్టిన ఫోనులో బైకు రేసుల వెంట పరుగెత్తుతుంటాయి. శబ్దం మాత్రం ఉండదు. పెడితే హాల్లోంచి శివకృష్ణ అంటాడు: “ఏందా రయ్యిమనుడు? పగలంత షోరూంల బండ్లే, ఇంటికొచ్చినా బండ్లేనా?” అదే హాల్లో అతను పదిహేనేళ్ల కిందటి క్రికెట్ మ్యాచిని, ఎవరు గెలిచారో తెలిసి కూడా, వీధి చివరిదాకా వినబడేలా చూస్తుంటాడు.

షాద్‌నగర్‌లో ఒక బైకుల షోరూంలో ఆమెది విడిభాగాల కౌంటర్. తొమ్మిదేళ్ల నుంచి అక్కడే. ఏ బండికి ఏ చైను, ఏ బ్రేకు షూ సరిపోతుందో పుస్తకం తెరవకుండా చెప్తుంది. అయినా వచ్చినవాళ్లు ఆమె భుజం మీదుగా వెనక్కి చూస్తారు. “సార్ లేడా మేడం?” “ఏం కావాలె చెప్పండి.” “మీకు తెల్వదులే, సార్‌ను పిలువుండ్రి.” సార్ వస్తాడు, విని, ఆమె వైపు తిరిగి “నవనీతా, దీనికేది సరిపోతది?” అని అడుగుతాడు. ఆమె చెప్తుంది. వచ్చినాయన సార్‌కు థాంక్స్ చెప్పి వెళ్లిపోతాడు. 2023లో ప్రపంచ పోటీ ఢిల్లీ పక్కకు వచ్చినప్పుడు షోరూం నుంచి ఆరుగురు వెళ్లారు. వాళ్లలో ఇద్దరికి ఆ పోటీ పేరు పలకడం కూడా ఆమే నేర్పింది. ఆమె వెళ్తానంటే మేనేజర్ ఆశ్చర్యపోయాడు. “మీరా? మరి కౌంటరెవరు చూస్తరు?”

ఇంత పిచ్చి ఎలా పట్టిందంటే పెద్ద కథేం లేదు. ఒక ఆదివారం అందరూ తిని నిద్రపోయాక, గిన్నెలు తోమి వచ్చి కూర్చుని టీవీ మీటలు నొక్కుతుంటే ఒక రేసు తగిలింది. మలుపులో ఒకతను పడ్డాడు. బండి గిరగిరా తిరుగుతూ కంకరలోకి పోయింది. అతను లేచి, దుమ్మయినా దులుపుకోకుండా బండి దగ్గరికి ఉరికి, లేపి, అందరికంటే వెనక మళ్లీ బయలుదేరాడు. ఇక గెలవడని చూస్తున్నవాళ్లందరికీ తెలుసు. అతనికీ తెలుసు. మరెందుకు పోతున్నాడు? ఆ ‘ఎందుకు’ అన్నది తేల్చుకోవడానికే ఆమె తర్వాతి ఆదివారం చూసింది. ఆ తర్వాతిదీ చూసింది.

నిరుడు చలికాలంలో అత్త సైదమ్మ సొంతూరు తిరుమలగిరిలో గొర్ల దొడ్డి దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషనయ్యాక నాలుగైదు నెలలు మంచం దిగొద్దన్నారు. షాద్‌నగర్ తీసుకొచ్చారు. శివకృష్ణ దవాఖానలో సంతకాలు పెట్టాడు, మంచం కొన్నాడు, “మా అమ్మను కండ్లల్ల పెట్టుకొని చూస్కుంట” అని చుట్టాలకు ఫోన్లు చేశాడు. ఒళ్లు తుడవడం, బట్టలు మార్చడం, మలమూత్రాలు ఎత్తిపోయడం, పుండ్లు పడకుండా గంటకోసారి పక్కకు తిప్పడం నవనీతకు మిగిలాయి. పగలు ఆమె షోరూంలో ఉన్నప్పుడు పక్కింటి షగుఫ్తా వచ్చి చూసిపోయేది. పన్నెండేళ్లలో సైదమ్మ కోడలిని అడిగిన ప్రశ్నలన్నీ ఒక్క తీరువే. వండినవా? ఉతికినవా? “నౌకరి చేస్తే చేసినవు గని, పొయ్యి సల్లారనీయకు.” మంచం మీద కూడా అవే అడుగుతుండేది.

జనవరిలో ఒకనాడు నవనీత అత్త పాదాలకు నూనె రాస్తూ ఫోన్ని దిండుకు ఆనించింది. ఎడారిలో బైకుల పోటీ. ఇసుక దిబ్బల మీద ఒకడు ఆగి, అటూ ఇటూ చూసి, వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు.

“ఏందే గాడు? తప్పిపోయినట్టు తిరుగుతున్నడు?” అంది సైదమ్మ.

“తప్పిపోయిండు అత్తమ్మా. దారెతుక్కుంటున్నడు. గది రేసే.”

“దారి తెల్వకుంట రేసేంది?”

“గిండ్ల రోడ్డుండది. బయలెల్లేదాంక దారి చెప్పరు. ఇన్ని కిలోమీటర్లకు ఇటు తిరుగు, వాగొస్తే అటు తిరుగు అని గుర్తులుంటయి, గంతే. రెండు వారాలు గట్లనే పోవాలె.”

సైదమ్మ మెడ ఎత్తి తెర వైపు చూసింది. “మేం ఎండకాలం మందను కిష్టనది ఒడ్డుకు తోల్కపోయినట్టే ఉన్నదే,” అంది. “నీళ్లేడున్నయో మాకెవడు చెప్పిండు? జర ఆ ఫోను ఇటు జరుపు. గాడు ఏ దిక్కు పోతడో చూస్త.”

నవనీత చేతులు నూనెలోనే ఆగిపోయాయి. ఈ ఇంట్లో ఆమెను పని గురించి కాక, ఆమెకు తెలిసినదాని గురించి ఒకరు అడగడం అదే మొదలు.

మరునాటి నుంచి సైదమ్మ ప్రశ్నలకు అంతులేదు. షోరూంలో అన్నం వేళ నవనీత టైర్ల గదిలో కూర్చుని, జవాబులు ఫోన్లో మాటగా చెప్పి పంపేది. షగుఫ్తా వాటిని ముసలమ్మ చెవి దగ్గర పెట్టి వినిపించేది.

“అత్తమ్మా, అన్నీ ఒక్కపారే చూడాలని పోకు, ఆగమైతవు. నాలుగు తీర్లున్నయి అనుకో. ఒకటి పెద్ద పోటీ. గా బండ్లు రేసు కోసమే పుట్టినయి, ఎంత మొత్తుకున్నా దుకాణంల దొరకవు. రెండోది మా షోరూంల అమ్మే బండ్ల అన్నదమ్ములతోని ఆడేది. బండి అదే, జర కసరత్తు చేయించి తెస్తరు. మూడోది నువ్వు చూసిన ఇసుకది. నాలుగోది సముద్రం నడుమ ఒక దీవిల. అక్కడ ఊరి రోడ్లమీదనే, గోడల పక్కపొంటి ఉరికిస్తరు. ఒక్కొక్కన్ని పది సెకండ్లు ఆగి ఇడుస్తరు, అందుకే ముందట పోయేటోడు గెలిచినట్టు కాదు, గడియారం చెప్పాలె. మన మద్రాసుల, కోయంబత్తూరుల కూడ అయితయి, అవి మన పిల్లలవి. మొదలు ఒక్కదాన్నే పట్టుకో. దాంట్ల ఒక్క మనిషినే పట్టుకో. గెలిచేటోన్ని కాదు, నడుమ ఉన్నోన్ని. గెలిచేటోనికి ఇరవై అయిదు పాయింట్లు, పదిహేనోనికి ఒకటి, పదహారోనికి ఏం లేదు. గా ఒక్కదాని కోసం పడే కొట్లాట ముందటి దానికన్న గట్టిగుంటది. మొదటి చుట్టు చూసి ఫికర్ పడకు. టైర్లు అరిగినంక, ఆఖరి అయిదు చుట్లల్ల తెలుస్తది ఎవడు బండిని పానంలెక్క కాపాడుకున్నడో. ఆడోళ్లకు సుత పోయినేడు ప్రపంచ పోటీ పెట్టిండ్రు. అంతకన్న ముందటనే స్పెయిన్ పిల్ల ఒకతె మగోళ్లతోని పోటీవడి ప్రపంచ కప్పు గుంజుకున్నది. గది రేపు చెప్త.”

షగుఫ్తా ఊరుకోలేదు. “భాభీ, నాకూ అర్థమైంది. నాకే అర్థమైందంటే దునియాకు అర్థమైతది,” అని మహబూబ్‌నగర్‌లోని తన అక్కచెల్లెళ్లకు పంపింది. వాళ్ల నుంచి ఎవరికి పోయాయో, ఎక్కడెక్కడ తిరిగాయో, ఏప్రిల్‌కల్లా ఆ మాటలు షోరూం మేనేజర్ ఫోన్లోకే వచ్చాయి. అతను అందరినీ పిలిచి వినిపించాడు. “ఎవరో గని మస్తు చెప్పింది.” తనేనని నవనీత చెప్పింది. అతను ఆమెను పైనుంచి కిందికి చూసి, “అవునా! రాసిచ్చినోడెవరు?” అన్నాడు.

వారం తిరక్కుండా హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. టీవీలో ఆటలు చూపించే ఒక కంపెనీ. ఆ మాటలు వాళ్లకూ చేరాయి, షగుఫ్తా అక్కచెల్లెళ్లను పట్టుకుని నంబర్ సంపాదించారట. బైకు రేసులకు తెలుగులో వ్యాఖ్యానం మొదలుపెడుతున్నారు, ఆదివారం పదకొండింటికి వచ్చి గొంతు పరీక్ష ఇవ్వమన్నారు.

“పోవద్దంటున్ననా?” అన్నాడు శివకృష్ణ. “ఆదివారమే ఎందుకంటున్న. మా పుష్పక్కోళ్లు కొత్తకోట నుంచి వస్తున్నరు. ఎనిమిది మంది. నువ్వు లేకుంటే ఎట్ల? అయినా నీ గొంతు ఊరంత ఇనుడెందుకు?”

నవనీత అత్త వైపు చూసింది. మూడు నెలలుగా తన నోటి మాట కోసం ఎదురు చూసిన మనిషి కదా, ఒక్క ముక్క అనకపోతుందా అనుకుంది. సైదమ్మ పైకప్పు చూస్తూ, “బిడ్డ చాన్నాళ్లకు వస్తాంది. ఇంకోనాడు వస్తనని చెప్పరాదు వాళ్లకు,” అంది.

ఆమెకు ఏడుపు రాలేదు. తన మాటలు నచ్చడం వేరు, తను నచ్చడం వేరు అని ఆ రోజు తేటగా తెలిసిపోయింది. ఒకరు సరేనంటే పోవడం, ఒకరు వద్దంటే ఆగడం, ఈ రెండూ ఒకటేనని, రెండింట్లోనూ నిర్ణయం తనది కాదని కూడా తెలిసింది. ఆదివారం పొద్దున అత్తకు ఒళ్లు తుడిచి, మందులు వేసి, ఇస్త్రీ చీర కట్టుకుంది. వంటింటి వైపు పోలేదు. అది పంతం కాదు. మంచాన ఉన్న మనిషికి తన చేతులు కావాలి, కాళ్లూ చేతులూ ఉన్న ఎనిమిది మందికి అక్కర్లేదు. “పోయొస్త” అని చెప్పి బస్సెక్కింది.

స్టూడియోలో శైలజ అనే ఆమె ఎదురొచ్చింది. కార్యక్రమం చూసుకునేది ఆమే. లోపల అద్దాల గదిలో రెండు కుర్చీలు. ఒకదాంట్లో బెంజమిన్ అనే యాభై ఏళ్ల వ్యాఖ్యాత, నిండైన గొంతు. క్రికెట్‌కు, కబడ్డీకి చెప్పి పేరు తెచ్చుకున్నాడు.

“చాలా సులువండీ,” అంది శైలజ. “మీరు కొత్తగా చూస్తున్న గృహిణిలా ప్రశ్నలు అడుగుతుంటారు, బెంజమిన్ గారు వివరిస్తారు. మీ గొంతులో ఒక అమాయకత్వం ఉంది. అది మాకు బాగా నచ్చింది.”

“నేను ఏం తెల్వనట్టు అడగాల్నా?”

“అంతే!”

నవనీత కుర్చీలో కూర్చుంది. బెంజమిన్ ముందున్న కాగితం కనబడింది. ‘అన్ని పోటీలూ ఒకేసారి చూడాలనుకోకండి, గందరగోళపడతారు. ఒక్క రేసర్‌ని ఎంచుకోండి. గెలిచేవాణ్ని కాదు, మధ్యలో ఉన్నవాణ్ని.’ చదువుతూనే ఆమె గుర్తుపట్టింది. టైర్ల వాసన మధ్య, అన్నం డబ్బా ఒళ్లో పెట్టుకుని చెప్పిన మాటలు. యాస కడిగేసి, అత్తమ్మను తీసేసి, అచ్చు వేశారు. ఇప్పుడు వాటిని ఈయన చెప్తే తను ‘అవునా అండీ!’ అనాలి.

షోరూంలో సార్ వైపు తిరిగిన ముఖాలన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. ఇన్నేళ్లూ సర్దుకుంది. అరవకుండా సర్దుకుంది. ఇప్పుడూ అరవాలనిపించలేదు. కాగితం మీద వేలు పెట్టింది.

“మేడం, ఇవి నా మాటలు. సార్‌ను అడగమనుండ్రి. నేను చెప్త.”

శైలజ ఇబ్బందిగా నవ్వింది. “అలా కాదండీ. చూసేవాళ్లు ఎక్కువ మగవాళ్లు. సాంకేతిక విషయాలు ఆడగొంతు చెప్తే వినరు.”

“విన్నరు కాబట్టే కదా నా ఫోన్ నంబర్ మీదాంక వచ్చింది.”

బెంజమిన్ కాగితాన్ని ఒకసారి చూసి, ఆమెను చూసి, మెల్లగా మడిచి పక్కన పెట్టాడు. “నాకిదే తేలిక శైలజా,” అన్నాడు. “నాకు నిజంగానే తెలియదు. నటించే బాధ తప్పుతుంది.”

తెర మీద పాత రేసు మొదలైంది. ఇద్దరు పక్కపక్కనే మలుపులోకి దూకారు, మోకాళ్లు నేలను రాస్తున్నాయి. బెంజమిన్ ముందుకు వంగి అడిగాడు: “ఎందుకమ్మా అంత వంగుతారు? పడిపోరూ?”

“నిటారుగ ఉంటెనే పడ్తడు సార్,” అంది నవనీత. “గంత ఊపుల నిలబడి తిప్పితే బండి మలుపు బయటికి గుంజుకపోతది. వంగితెనే లోపల నిలుస్తది. గా ఎర్ర బండోన్ని చూడుండ్రి, ఏడో జాగాల ఉన్నోన్ని. అందరు ముందటి ఇద్దరిని చూస్తున్నరు గని, వాడు ఇప్పటిదాంక టైరును దాచుకున్నడు. ఇగ చూడుండ్రి.”

ఎర్ర బండివాడు కదిలాడు. ఏడు ఆరయింది, ఆరు నాలుగయింది. ఆమె గొంతు లేచింది. వంటింట్లో ఏళ్ల తరబడి మూగగా చూసిన రేసుల శబ్దమంతా అందులో ఉంది. అద్దం అవతల యంత్రాల దగ్గర కూర్చున్నవాళ్లు పని ఆపి లేచి నిలబడ్డారు. అయిపోయాక శైలజ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. “ఆ యాస అలాగే ఉంచండి,” అంది. “వచ్చే నెల నుంచి ప్రతి ఆదివారం రాగలరా?”

నవనీత ఇల్లు చేరేసరికి ఏడు కావస్తోంది. పుష్ప వదిన వాళ్లు వెళ్లిపోయారు. హోటల్ బిర్యానీ డబ్బాలు హాల్లోనే ఉన్నాయి. సైదమ్మ మంచం మీద నుంచి తల తిప్పి చూసింది. కొడుకు ముఖం చూసి, మళ్లీ కోడలి ముఖం చూసి, తగ్గిన గొంతుతో, “ఏమన్నరే?” అంది.

“రమ్మన్నరు. ప్రతి ఆదివారం. నేనే చెప్తున్న.”

శివకృష్ణ టీవీ శబ్దం తగ్గించాడు. “మరి ఆదివారాలు ఇంట్ల పనెట్ల?”

కోపంగా కూడా కాదు, నిజంగానే తెలియక అడిగాడు. పన్నెండేళ్లలో ఆ ప్రశ్న అతని నోటి వెంట రావడం అదే మొదటిసారి. ఇన్నాళ్లూ దాని జవాబు వంటింట్లో నిలబడి ఉంది కనుక, ఎవరికీ అడగాలని తోచలేదు.

“మంచి ప్రశ్ననే అడిగినవు,” అంది నవనీత, చెప్పులు విప్పుతూ. “జవాబు నువ్వెతుకు.”