మూడు వందల చుక్కలు

“ఎవరు చూస్తారే ఆ ఆకుల అంచులు? చుక్కలు తగ్గించు. ఐదు కార్డులూ ఒక్క ఫ్లాపీలో పట్టాలి,” అని టిఫిన్ తింటూనే చెప్పాడు సంజీవరావు. తొంభై ఏడులో, తెనాలిలో, వాళ్లది డీటీపీ సెంటరు. బోర్డు మీద ఆయన పేరు, కుర్చీలో ఆయన భార్య సామ్రాజ్యం. పెళ్లికార్డుల తీగలూ పువ్వులూ ఆమే గీస్తుంది. కంప్యూటర్లో గీతగా ఉన్నంతవరకు తీగని ఎంత పెద్దది చేసినా చెక్కుచెదరదు. బాపట్ల ప్రెస్సు కోసం చుక్కల బొమ్మగా మార్చేటప్పుడే అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పాలి. చుక్కలు తగ్గితే ఫ్లాపీలో చోటు మిగులుతుంది, అంచులు మాత్రం చెదురుతాయి. ఒక్కో కార్డుకీ ఆ తంతు పడలేక, నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు మాన్యువల్ చదివి, అన్నిటినీ ఒకేసారి మార్చమని కంప్యూటరుకి చెప్పే ఆదేశాల పట్టీ, స్క్రిప్టు, రాసుకుంది. అందులో చుక్కలు డెబ్బై రెండని వేయించింది మాత్రం ఆయనే. వచ్చినవాళ్లతో “అంతా కంప్యూటరే గీస్తుందండి” అంటాడు. మీటలు నొక్కడం కూడా ఒక పనేనా అని అత్తగారు రాజమ్మ సాధింపు. రెండు పూటలా వండిపెట్టి వచ్చి కూర్చునే మనిషికి కోపం రాదా? వచ్చేది. మింగేసేది.

ఆ రోజు గీసింది అమ్మ తీగ. రేపల్లెలో అమ్మ మంగాయమ్మ కుట్టు నేర్పేది. ట్రేసింగ్ కాగితం మీద మల్లెతీగ గీసి, దిండు మీద పరిచి, గీత పొడవునా సూదితో గుచ్చేది. కిరసనాయిల్లో కలిపిన నీలం అద్దితే తీగ గుడ్డ మీదికి దిగేది. పదేళ్ల సామ్రాజ్యం ఆటకి తొందరపడి దూరం దూరంగా గుచ్చితే, తిట్టకుండా కాగితం వెలుగుకి పట్టి చూపించేది.

“చూడమ్మా, నీ ఆకు కుంటుతోంది. దగ్గర దగ్గరగా గుచ్చు. కుట్టేవాళ్లకి దారి తెలియాలిగా.”

కిరసనాయిలు వాసన ఇప్పటికీ ఆమెకి అమ్మ వాసనే. ఆ వీధిలో ఏ దిండు గలీబు చూసినా అదే తీగ. అమ్మ పేరు ఒక్కదాని మీదా లేదు. అమ్మ పోయి ఆరేళ్లైనా ఆ బెంగ తీరలేదు.

కార్డు వెనక, సెంటరు పేరు కింద, చిన్న అక్షరాలతో “తీగ: మంగాయమ్మ, గీత: సామ్రాజ్యం” అని చేర్చి స్క్రిప్టు నడిపింది. పెద్ద అక్షరాల సెంటరు పేరు చక్కగా వచ్చింది. ఆకులేమో కుంటుతున్నాయి. రెండు పేర్లూ అలుక్కుపోయి చీమంత మరక మిగిలింది. స్క్రిప్టు తెరిచి డెబ్బై రెండు చెరిపి, మూడు వందలు కొట్టింది.

బాపట్ల బండికి బయలుదేరుతూ సంజీవరావు బల్ల మీద కార్డుకొకటి చొప్పున ఐదు ఫ్లాపీలు చూసి, మళ్లీ మార్చమన్నాడు.

“మార్చనండి. చుక్కలెన్నో ఇకనుంచి నేనే చెప్తాను. పేర్లు కనపడాలి.”

“ఎవరి పేర్లు?”

“గీసినవాళ్లవండి.”