గద్ద రెక్క కింది పగులు

ఏమోస్ క్రైబెల్ అర డాలరు నాణేన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అంచు పట్టుకుని, కిటికీ వెలుగులోకి కొద్దిగా వంచాడు. ఆ ఉదయం అది పద్నాలుగోది. ఎడమ కంటి గుంటలో ఇరికించుకున్న భూతద్దం చుట్టూ చర్మం ముడతలు పడి ఉంది. పదిహేడేళ్ళ అలవాటుకి అక్కడ ఒక ఎర్రటి వలయం మిగిలిపోయింది. అద్దం తీసేసినా అది పోదు. ముందు నక్షత్రాలు చూశాడు. తర్వాత సంవత్సరం అంకెలు. ఏడు అంకె కాలు కొంచెం వంకరగా ఉంది. తర్వాత నాణెం తిప్పి గద్దను చూశాడు.

బయట అలెన్‌టౌన్ వీధిలో ఫిబ్రవరి మంచు నల్లబడి, కాలిబాట అంచున గుట్టలుగా పడి ఉంది. ముందు గదిలోంచి డొలోరిస్ ఫింక్ గొంతు వినబడింది. భర్త పోయాక ఆ నాణేల దుకాణం ఆవిడే నడుపుతోంది.

"ఏమయ్యా ఏమోస్, నాణెం మీద ఆ అమ్మగారి మొహాన మొటిమలు లెక్కపెట్టడం అయిందా? అమ్మకాల జాబితా సాయంత్రం అచ్చుకి పోవాలి!"

"ఇంకా ఆరున్నాయండీ."

"నా పెళ్ళిచూపుల్లో మా ఆయన కూడా నన్నంతసేపు చూళ్ళేదు."

ఏమోస్ నవ్వలేదు. ఆవిడా నవ్వుతాడని ఎదురుచూడలేదు.

అతని పని పైకి చూస్తే ఏమీ లేదు. నూటయాభై ఏళ్ళ కిందట ఫిలడెల్ఫియా టంకశాలలో ఉక్కు అచ్చుల మీద ప్రతి నక్షత్రాన్నీ, ప్రతి అంకెనూ మనిషి చేత్తో సుత్తి వేసి దింపేవాడు. అందుకని ఏ రెండు అచ్చులూ ఒక్కలా ఉండవు. బొమ్మ వైపు ఒక అచ్చు, గద్ద వైపు ఒక అచ్చు: ఏ జత కలిసి ఈ నాణేన్ని ముద్రించిందో చెప్పాలి, అంతే. కొట్టగా కొట్టగా అచ్చులు పగులుతాయి. ఆ పగులు నాణెం మీద వెంట్రుకంత గీతగా లేస్తుంది. పగులు ఎంత పెరిగిందో చూస్తే ఏది ముందు, ఏది వెనక అన్నది తెలుస్తుంది. పట్టుమిల్లులో ఇరవై ఆరేళ్ళు తెగిన పోగులు వెతికిన కన్ను అతనిది. మిల్లు మూతపడ్డాక ఆ కన్ను తప్ప చేతిలో ఇంకేమీ మిగల్లేదు.

పదిహేనో నాణెం తీశాడు. పద్దెనిమిది వందల ఇరవై ఏడు. బొమ్మ వైపు చూడగానే గుర్తుపట్టాడు. ఏడో నక్షత్రం తలపట్టీకి మరీ దగ్గరగా ఉండే అచ్చు అది. తిప్పాడు. గద్ద కూడా తెలిసిన అచ్చే, కాని ఎడమ రెక్క కింద ఉండాల్సిన పగులు లేదు.

భూతద్దం తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. అరిగి చెరిగిపోయిందేమో అనుకున్నాడు. కాని అరగలేదు, రెక్క కింద వెండి ఇంకా మిలమిలలాడుతోంది. అక్కడ ఏ గీతా ఎప్పుడూ లేదు.

ఈ గద్ద అచ్చును టంకశాలవాళ్ళు రెండు బొమ్మ అచ్చులతో వాడారు. మొదటి బొమ్మతో వచ్చిన నాణేల్లో పగులు అప్పుడే పుడుతూ కనిపిస్తుంది, రెండో బొమ్మతో వచ్చినవాటిలో బాగా పెరిగి ఉంటుంది. కనుక మొదటిది ముందు, రెండోది తర్వాత. పన్నెండేళ్ళ కిందట నాణేల సంఘం పత్రికలో ఏమోస్ నాలుగు పేజీల్లో ఇది నిరూపించాడు. జాబితాలన్నీ ఇప్పుడు దాన్ని 'క్రైబెల్ వరస' అంటాయి. అతని పేరు అచ్చులో ఉన్న చోటు ప్రపంచంలో అదొక్కటే.

ఒప్పుకోనివాడు ఒకడే. నెబ్రాస్కాలో ఉండే లీలండ్ వాసెక్, రిటైరైన రైల్వే మనిషి. రెండో బొమ్మే ముందు కూడా వాడారని, ఆ జతను విడదీసి, మధ్యలో మొదటి బొమ్మతో కొట్టి, మళ్ళీ పాత జతనే కలిపారని అతని వాదం. నెలకొక ఉత్తరం చొప్పున పన్నెండేళ్ళు వాదించాడు. పోయిన డిసెంబరులో ఏమోస్‌కి విసుగొచ్చింది. 'ఒక్క నాణెం చూపించండి, లేదా ఇక ఈ సంగతి నాకు రాయకండి' అని రెండు వాక్యాలు రాసి పోస్టు చేశాడు. జనవరిలో ఉత్తరం రాలేదు. అలిగాడనుకున్నాడు.

ఇప్పుడు ఆ ఒక్క నాణెం తన అరచేతిలో ఉంది. రెండో బొమ్మ, పగులు పుట్టని గద్ద.

పన్నెండింటికి కాగితం పొట్లం విప్పుకుని, బీట్‌రూట్ రసంలో ఊరిన గుడ్డు తిన్నాడు. తింటున్నంతసేపూ నాణెం ఎదురుగానే ఉంది. మామూలు రకమని రాసి పెట్టెలో వేసేస్తే అడిగేవాళ్ళు లేరు. కొనేవాడికి అంత కన్ను ఉండదు. ఎందుకో భార్య వెల్మా గుర్తొచ్చింది. ఒకప్పుడు కొత్త సంవత్సరం నాడు పెట్టె సర్దుకుని బఫెలోలో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. రెండేళ్ళకి ఒక కార్డు రాసింది, వసంతంలో ఒకసారి వచ్చి చూడాలనుందని. ఏం రాయాలో తోచక ఏమోస్ జవాబు రాయలేదు. తర్వాత కార్డులు రాలేదు. ఇది ఇరవై మూడేళ్ళ నాటి మాట.

చేతులు కడుక్కుని ముందు గదిలోకి వెళ్ళాడు.

"ఫోన్ చేసుకోవాలండీ. నెబ్రాస్కాకి. జీతంలో పట్టుకోండి."

డొలోరిస్ కళ్ళజోడు మీంచి చూసింది. "నీకు ఫోన్ చెయ్యడానికి మనుషులున్నారా?"

"ఒకాయన ఉన్నాడు."

వాసెక్ ప్రతి ఉత్తరం మూలా తన ఫోన్ నంబరు ముద్ర వేసేవాడు. ఏమోస్ ఎన్నడూ తిప్పలేదు. ఆ మనిషి గొంతు ఎలా ఉంటుందో అతనికి తెలియదు. అవతల ఎత్తింది ఒక ముసలావిడ.

"వాసెక్ గారున్నారాండీ? నేను పెన్సిల్వేనియా నుంచి, క్రైబెల్‌ని."

"అయ్యో, మీరా బాబూ! నేను ఆయన చెల్లెల్ని, ఆగ్నెస్‌ని. అన్నయ్య పోయాడండీ. జనవరి తొమ్మిదిన, నిద్రలోనే. మీకు రాద్దామనుకుంటూనే ఉన్నాను, చెయ్యి రావడంలేదు."

ఏమోస్ గోడకి ఆనుకున్నాడు. "డిసెంబరులో నేనొక ఉత్తరం రాశానండీ."

"వచ్చింది. భోజనాల దగ్గర నాకు చదివి వినిపించాడు. కడుపు పట్టుకుని నవ్వాడు. 'ఈ మొండిఘటం ఉన్నన్నాళ్ళూ నాకు పొద్దుపోతుందే' అన్నాడు. ఏమైనా చెప్పాలా మీరు?"

"ఆయన చెప్పిందే నిజమని చెబుదామని."

"దేని గురించి?"

"రెండు అచ్చులండీ. వాటిని విడదీశాక మళ్ళీ కలిపారని ఆయనన్నాడు. కలపలేదన్నాను నేను. కలిపారండీ."

"పన్నెండేళ్ళూ దీని గురించేనా?"

"దీని గురించేనండీ."

ఆవిడ నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. తర్వాత, ఫోన్ పెట్టెయ్యడం ఇష్టంలేనట్టు, చిన్నచిన్న మాటలు చెప్పింది. పుస్తకాలు సంఘానికి ఇచ్చేసిందట. వంటగది కిటికీ దగ్గర ఆయన కూర్చునే ఎత్తు పీట మాత్రం అలాగే ఉందట.

"ఒక కాలు పొట్టిదండీ దానికి. ఊగకుండా అగ్గిపెట్టె అట్ట మడిచి కింద పెట్టుకున్నాడు. ఎవరికి పనికొస్తుంది చెప్పండి. ఊడ్చేటప్పుడు దాన్ని కదపకుండా చుట్టూ ఊడుస్తున్నాను."

"అలాగే ఉండనివ్వండి," అన్నాడు ఏమోస్.

లోపలికి వచ్చి, పత్రికకు అరపేజీ రాశాడు: తన వరస తప్పనీ, వాసెక్ వరస సరైనదనీ. జాబితాలో కూడా 'క్రైబెల్ వరస'ను 'వాసెక్ వరస' అని మార్చి డొలోరిస్ ముందు పెట్టాడు. ఆవిడ చదివి తలెత్తింది.

"నీ పేరు పోతుందయ్యా."

"పోనివ్వండి."

"ఆయన చూసేది కూడా లేదు కదా."

ఏమోస్ కోటు బొత్తాలు పెట్టుకున్నాడు. మిగిలిన ఐదు నాణేలూ రేపు చూస్తానన్నాడు. పదిహేడేళ్ళలో అతను పని మిగిల్చి వెళ్ళడం అదే మొదటిసారి. ఇంకా వెలుగుండగానే మంచు గుట్టల పక్కనుంచి నడిచి ఇంటికి వెళ్ళాడు. దారి పొడుగునా తానెన్నడూ చూడని ఒక వంటగదే అతని కళ్ళ ముందు ఉంది. చీపురు గీతల మధ్య, కిటికీ వైపు తిరిగి, ఒక కాలి కింద మడిచిన అగ్గిపెట్టె అట్టతో, ఊగకుండా నిలబడి ఉన్న ఎత్తు పీట.