అత్తమ్మ మూతి

“అమ్మ మళ్ల మూతి ముడుచుకున్నది. ఏమన్నవ్?”

నేను బూట్ల లేసులు కట్టుకుంటుంటే మా ఆయన రామ్‌చందర్ అడిగాడు. నేను ఆమెను ఏమీ అనలేదు. అత్తమ్మ గడప మీద కూర్చుని, చేతులు మోకాళ్లకు ఆనించి, పెదవులు సున్నాలా చుట్టి వాకిట్లోకి చూస్తోంది. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆ మూతి నాకు తెలుసు. కూరలో ఉప్పు తగ్గిందనో, నేను ఆలస్యంగా లేచాననో అనుకునేదాన్ని. అంబులెన్స్‌లో ఉద్యోగం వచ్చాక కారణాలు వెతుక్కునే పని కూడా తప్పింది. “నీ నౌకరి పుణ్యాన అమ్మ మళ్ల పొయ్యి కాడికొచ్చింది” అని ఆయనే తేల్చేశాడు. ఇంట్లో గ్యాస్ ఉంది. దాని మీద చుట్టాలకు చాయ్ మాత్రమే కాస్తారు. ఆయన స్నానం నీళ్లు కట్టెల పొయ్యి మీదే కాగాలి. గ్యాస్ మీద కాగిన నీళ్లకు ఒళ్లు నొప్పులు పోవట.

భద్రాచలంలో డ్యూటీ ఎక్కగానే ఫోన్ మోగింది. చర్ల రోడ్డు నుంచి లోపలికి, అడవి అంచు పల్లె. ఆడమనిషికి ఊపిరాడటం లేదు. వాన, బురద. డ్రైవర్ అతీక్ బండిని పడవలా నడిపాడు.

గుడిసె నిండా తడికట్టెల పొగ. లోపల నలుగురు మగవాళ్లు ఒక బక్కమనిషిని మంచం మీద పడుకోబెట్టాలని భుజాలు అదుముతున్నారు. ఆమె ఆ నలుగురినీ తోసుకుంటూ లేచి కూర్చుంటోంది.

“పండుకోమంటే ఇనదు మేడం. పొద్దటి సంది గిట్లనే మూతి ముడుచుకొని కూసుంది. నామీద అలిగిందనుకున్న” అన్నాడు భర్త బొజ్జయ్య.

“వదలండి. ఆమెను కూసోనియ్యండి.”

పొగ లేని చోటికి, బయట అరుగు మీదకు తెచ్చాం. ఆమె పేరు నాగక్క. చేతులు మోకాళ్ల మీద ఆన్చింది. ఊపిరి లాగినప్పుడల్లా మెడ నరాలు తాళ్లలా బిగుస్తున్నాయి. ఎదురొమ్ము డోలులా ఉబ్బి ఉంది, పెదవులు నీలం. వీపు మీద స్టెతస్కోప్ పెడితే లోపల పిల్లనగ్రోవులు ఊదినట్టు ఈలలు. ఇది ఇవాళ్టి ఆయాసం కాదు, ఏళ్లుగా ఊపిరితిత్తులను తినేసిన జబ్బు.

అప్పుడు ఆమె పెదవులు సున్నాలా చుట్టి, దారమంత సన్నగా గాలి వదిలింది.

ఇది మాకు ట్రైనింగ్‌లో బొమ్మలు గీసి నేర్పారు. ఈ జబ్బులో గాలిగొట్టాలు, లోపలి గాలి బయటికి రాకముందే మూసుకుపోతాయి. పెదవులు బిగించి మెల్లగా వదిలితే అవి తెరుచుకుని ఉంటాయి. ఈ అడవిలో ఈమెకు ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. మునిగిపోతున్న శరీరం తన దారి తనే కనిపెట్టుకుంది. దాన్ని ఊరంతా అలక అంటోంది.

“చుట్ట తాగుతదా?” అడిగాను.

“ఛ, గది మగోళ్ల సంగతి. దీనికి పనేముంటది మేడం, ఎప్పుడూ పొయ్యి కాడనే ఉంటది.”

పొయ్యి పక్కన వెదురు ఊదుగొట్టం పడి ఉంది. నోరు ఆనే చోట అరిగి నున్నగా మెరుస్తోంది.

బండిలో మందు ఆవిరి పట్టించి, ముక్కుకు సన్నటి గొట్టంతో కొద్దిగా ఆక్సిజన్ పెట్టాను.

“గింతేనా? సిలిండర్ నిండుగుంది గద” అన్నాడు బొజ్జయ్య.

“ఆమె ఒళ్లు తక్కువ గాలికే అలవాటు పడ్డది. ఎక్కువిస్తే లోపలి చెడు గాలి బయటికి రాదు, మత్తు కమ్ముతది. చెయ్యి పెట్టకు.”

బండి గుంతల్లో ఊగుతుంటే నాగక్కను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. సిలిండర్ బొజ్జయ్య వైపుంది. ఆక్సిజన్ శాతం చూడటానికి ఆమె చల్లని వేలికి పెట్టిన క్లిప్పు మాటిమాటికీ జారిపోతోంది. చాలాసేపటికి ఆమె నీలి పెదవులు ఎర్రబడ్డాయి. తల నా భుజం మీద వాలింది.

“హమ్మయ్య, నిద్ర పట్టింది. నేనే సిలిండర్ మీట జర తిప్పిన మేడం” అన్నాడు బొజ్జయ్య.

క్లిప్పు సరిచేసి చూశాను. తొంభై తొమ్మిది. అందరికీ మంచి అంకె, ఈమెకు మాత్రం కాదు. ఊపిరి అడుగంటుతోంది. మీట వెనక్కి తిప్పి భుజాలు కుదిపాను, పిలిచాను, గిల్లాను. పలకలేదు. ఏ మాట చెవికెక్కుతుందో ఒక్క క్షణం ఆలోచించాను.

“నాగక్కా, పొయ్యి ఆరిపోతున్నది. ఊదు.”

కనురెప్పలు కదిలాయి. పెదవులు సున్నాలయ్యాయి. ఊదింది.

“మెల్లగ. బూడిద లేవొద్దు. ఇంకొక్కసారి.”

ఆసుపత్రి దాకా ఆమె ఊదుతూనే ఉంది. ఆమెకు ఈ జబ్బు తెచ్చిన పనే ఆమెను ఒడ్డుకు లాగుతోంది. అంకె తొంభై దగ్గర నిలిచింది. వార్డులోకి తీసుకెళ్తుంటే కళ్లు పూర్తిగా తెరిచి, “అంటుకున్నదా?” అని అడిగింది.

“అంటుకుంది” అన్నాను.

డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి వాకిలంతా పొగ. అత్తమ్మ పొయ్యి ముందు ఊదుగొట్టం పట్టుకుని ఉంది. రెండు సార్లు ఊది, గొట్టం దించి, చేతులు మోకాళ్లకు ఆన్చింది. మూతి ముడిచింది.

“పొద్దటి సంది అట్లనే ఉన్నది. ఏమన్నవో ఏమో” అన్నాడు రామ్‌చందర్ మంచం మీద నుంచి.

నేను బూట్లతోనే వెళ్లి ఆమె ఎదురుగా కూర్చున్నాను. “అత్తమ్మా, నామీద కోపమా?”

“కోపమెందుకే పిల్లా. గిట్ల వదిలితే జర నిమ్మళమైతది.” ఆగి ఊపిరి తీసుకుంది. “ఎవ్వలడగలే.”

ఆమె వీపుకు చెవి ఆనించాను. పిల్లనగ్రోవులు. ఇన్నేళ్లూ ఆమె గడప మీద కూర్చుని ప్రాణం నిలుపుకుంటుంటే, ఇంట్లో మేం ఆమె ఎవరి మీద అలిగిందో లెక్క తేల్చుకుంటున్నాం.

“రేపు దవాఖానకు పోదాం. ఇగ ఈ పొయ్యి కాడికి నువ్వు రావు, నేనూ రాను” అన్నాను. ఊదుగొట్టం తీసుకెళ్లి రామ్‌చందర్ చేతిలో పెట్టాను. “నీళ్లు నీకే గద. నువ్వే ఊదు.”

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. ఆయన తల్లి వైపు చూశాడు. అత్తమ్మ నెమ్మదిగా లేచి పీట ఖాళీ చేసింది.

ఆయన కూర్చుని రెండు సార్లు ఊది, దగ్గి, కళ్లు తుడుచుకుని, మళ్లీ గొట్టానికి పెదవులు చుట్టాడు.

గడప మీద నుంచి అత్తమ్మ చూసింది.

“ఏందిరా, మూతి ముడుచుకున్నవ్? ఎవరేమన్నరు?”