ఆండాలు వేషం కట్టిన రోజు

రామనర్సయ్య చెయ్యని పని లేదు. చిన్నప్పుడు తండ్రి బీరన్న వెంట గొర్రెలు కాశాడు. మిర్యాలగూడ రైసు మిల్లులో గుమస్తాగా చేరి, హమాలీలకు పాటలు కట్టి ఇచ్చినందుకు ఆ కొలువు పోగొట్టుకున్నాడు. కోదాడలో పిల్లలకు తెలుగు చెప్పాడు. తెలుగు బడి అని నిజాం సర్కారు దాన్ని మూయించింది. ఎక్కడున్నా రాయడం మాత్రం ఆపలేదు. మందను వదిలి కాగితాల వెంట పడ్డాడని బీరన్న కొడుకుతో మాట్లాడడమే మానేశాడు.

నిజాం పాలన పోయిన మరుసటి ఏడు సూర్యాపేట అంగడి మైదానంలో రామనర్సయ్య నాటకం మొదటిసారి ఆడబోతున్నారు. పండుగ పేరు చెప్పి దొర మనుషులు పొట్టేలును లాక్కుపోవడానికి వస్తే, గొర్రెలు కాసే లచ్చవ్వ ఎదురు తిరగడమే కథ. జనం బండ్లు కట్టుకొని వచ్చారు. తీరా చూస్తే లచ్చవ్వ వేషం కట్టాల్సిన పెద్దులు అనే కుర్రాడికి గొంతు పూడుకుపోయింది.

"ఇగ ఖతం. జనానికి దండం పెట్టి పంపిస్త," అన్నాడు రామనర్సయ్య.

భార్య ఆండాలు కొంగు నడుముకు చుట్టింది. "నేను కడ్త ఆ ఏషం. నువ్వు రాసుకుంట సదువుతుంటె రోజూ ఇన్నదే గదా."

"ఆడోళ్లు ఎన్నడన్న స్టేజి ఎక్కిన్రా? పిలువకున్నా నాయిన గూడ వచ్చిండు, ముందటనే కూసున్నడు సూడు."

"నీ నాటకంల ఆడిది దొరకే భయపడదాయె. నువ్వు మీ నాయినకు భయపడ్తవా?"

రామనర్సయ్య లచ్చవ్వ కర్రను ఆమె చేతికిచ్చాడు. తెర తీయమన్నాడు.

అతను కాగితాలు పట్టుకొని పక్కన నిలబడ్డాడు. ఆండాలు మొదట తడబడింది. దొర మనిషి పొట్టేలు మెడకు తాడు వేయగానే మాత్రం ఒక్క ఉరుకున వెళ్లి దాన్ని కావలించుకుంది. "ఇది నా సేతుల పుట్టింది. ముందుగాల నన్ను కట్టి గుంజుకపో!"

ఆ మాట రామనర్సయ్య రాసింది కాదు. మైదానమంతా లేచి నిలబడింది. ఈలలు, కేకలు.

ఆ గోలలోనే బీరన్న స్టేజి ఎక్కాడు. రామనర్సయ్య భార్యకు అడ్డంగా వెళ్లబోయాడు. ముసలాయన భుజం మీది గొంగడి తీసి కోడలికి కప్పి, కొడుకు వైపు తిరిగాడు.

"మళ్ల యాడ ఆడ్తరురా?"

"మిర్యాలగూడల, నాయినా."

"నా డోలు తెస్త. మీ డోలోడు కొట్టేది గిట్ల సప్పగుంటె ఎట్ల?"

రామనర్సయ్య నవ్వబోయి ఏడ్చేశాడు.

ఆ ఎండాకాలమంతా ఏ ఊరికి పోయినా జనమే జనం. కోదాడలో ఆట ముగిశాక ఇద్దరు ఆడవాళ్లు ఆండాలును వెతుక్కుంటూ వచ్చారు. "మేమూ వేస్తామండీ వేషం," అన్నారు.

రామనర్సయ్య అప్పటికే కొత్త నాటకం మొదలుపెట్టాడు. అందులో ముగ్గురు ఆడవాళ్లున్నారు.