అలల హోరులో ఈల

నేను ఒక ఈలను. ఇత్తడి ఒళ్లు, పైన నికెల్ పూత, లోపల శనగగింజంత బెండు ఉండ. మీరట్‌లో ఒక ఇరుకు కార్ఖానాలో రేకు వంచి, అతికించి, నన్ను తయారుచేసినాయన ఒక్కసారి ఊది చూసి, చెవి గోక్కుని, డబ్బాలో పడేశాడు. లోకం నాకు చెప్పిన స్వాగతం అదే.

మొదట నన్ను కొన్నది సికింద్రాబాద్‌లో ఒక వాలీబాల్ రిఫరీ. ఇంట్లో ఆయన మాట ఎవరూ వినేవారు కాదు. నన్ను నోట్లో పెట్టుకుంటే మాత్రం ఆరడుగుల మనుషులు కూడా ఠక్కున ఆగిపోయేవారు. ఆయన రిటైరవుతూ నన్ను తన శిష్యురాలు పుష్పలీలకు ఇచ్చాడు. ఆమె జోగిపేట దగ్గర ఒక బాలికల బడిలో ఆటల టీచరు. ఆమె మెడలో తొమ్మిదేళ్లు ఊగాను. నేను ఒకసారి మోగితే వరుస, రెండుసార్లు మోగితే పరుగు, మూడుసార్లు మోగితే ఎక్కడివాళ్లు అక్కడే. పిల్లలకది నిద్రలో కూడా వచ్చేది.

ఆ ఏడాది నలభైమంది అమ్మాయిలతో విశాఖపట్నం విహారయాత్ర. పుష్పలీల మేడమ్, లెక్కల విఠల్ సార్ వెంట వచ్చారు. సముద్రాన్ని పిల్లలూ చూడలేదు, మేడమూ చూడలేదు, నేనూ చూడలేదు. బస్సు దిగగానే అందరం నోరు తెరిచాం. నాకు పుట్టుకతోనే తెరిచి ఉంది కనుక ఎవరూ గమనించలేదు.

ఒడ్డున కాపలా ఉండే ఈతగాడు పోలారావు ఎదురొచ్చాడు. అక్కడి జాలరిపేట మనిషి.

"అమ్మా, పిల్లల్ని ఆ రెండు జెండాల మధ్యే దింపండి. మోకాళ్లు దాటనీకండి. అదిగో, అలల్లేకుండా సదునుగా కనపడతాంది సూడండి, అక్కడికి అసలెళ్లకండి. నీళ్లు లోపలికి లాగీసేది అక్కడే."

మేడమ్ తలూపింది. విఠల్ సార్ నవ్వాడు. "మాకు చెప్తున్నవా? మంజీర నదిల ఈదినోళ్లం. మీదికెంచి బాయిల దుంకెటోళ్లం."

పావుగంటకల్లా సార్ జెండాలు దాటి, అలల్లేని ఆ చోటే చూసుకుని దిగాడు. మనుషులు ఎంత చదివినా, ప్రశాంతంగా కనిపించేదాన్ని ఇట్టే నమ్మేస్తారు.

కాసేపటికి సార్ తల దూరాన కొబ్బరికాయంత అయింది. ఆయన ఒడ్డువైపే ఈదుతున్నాడు, వెనక్కే పోతున్నాడు. ఒక చెయ్యి పైకి లేచింది.

"సార్ మునుగుతుండు!" అని అరిచింది కబడ్డీ కెప్టెన్ స్వరూప. "చేతులు పట్టుకోర్రి! గొలుసు కడదాం!"

కూతకొచ్చిన వాళ్లను పట్టేందుకు మేడమే నేర్పిన గొలుసు అది. పన్నెండుమంది చేతులు కలిపి నీళ్లలోకి ఉరికారు. మేడమ్ నన్ను ఊదింది. అలల హోరు నన్ను మింగేసింది. ఈత రాని ఆ మనిషి చీరతోనే పరిగెత్తి, నడుంలోతు నీళ్లలో వాళ్లకు అడ్డంగా నిలబడింది. ఊపిరంతా కూడదీసి మూడుసార్లు ఊదింది.

గొలుసు ఆగింది.

"వెనక్కి! అందరు వెనక్కి!"

అంతలో ఒక అల వచ్చి ఆమెను కూలదోసింది. నా నిండా ఉప్పునీళ్లు. స్వరూపే జబ్బ పట్టి లేపింది.

ఈల విని పోలారావు అప్పటికే నారింజరంగు తేలుడు ట్యూబుతో దూకాడు. "ఎదురీదకండి! ఎల్లకిలా తేలండి!" అని అరుస్తూ సార్‌ను చేరాడు. ట్యూబు పట్టించి, ఒడ్డువైపు కాకుండా పక్కకు లాక్కెళ్లాడు. ఎంతో దూరం తీరం వెంబడి సాగి, అలలు విరిగే చోట గట్టెక్కించాడు. ఇసుకలో కక్కుకుంటున్న సార్ వీపు నిమురుతూ అన్నాడు:

"మేం పుట్టిందే ఈ నీళ్లలోనండి. మేమే ఎదురెళ్లం."

సార్‌ను ఆసుపత్రిలో చూపించి బస్సెక్కారు. స్వరూప ముఖం తిప్పుకునే అంది: "మమ్ముల ఆపిన్రు మేడమ్. సార్ చచ్చిపోతే?"

మేడమ్ నాలో మిగిలిన ఉప్పునీళ్లు దులిపింది. "చచ్చిపోతే బతికినన్నాళ్లు ఏడుస్తుంటి బిడ్డా. కానీ ఒక్కని కోసం పన్నెండుమందిని ఇయ్యలేను."

స్వరూప కాసేపటికి మేడమ్ భుజం మీద తల ఆనించింది.

ఉప్పు పట్టి నా గొంతు బొంగురుపోయింది. మేడమ్ కొత్త ప్లాస్టిక్ ఈల కొనుక్కుంది. నేనిప్పుడు తొమ్మిదో తరగతి గోడ మీద ఒక మేకుకు వేలాడుతూ లెక్కల పాఠాలు వింటున్నాను. చెప్పుకోదగ్గ వినోదం కాదు. అయితే ఏటా విహారయాత్రకు ముందురోజు మాత్రం విఠల్ సార్ పుస్తకం మూసేస్తాడు. బోర్డు మీద ఒడ్డు గీసి, సముద్రం గీసి, నడుమ ఒక చుక్క పెడతాడు. ఆ చుక్క ఎవరో ఆయన చెప్పడు.

"రెండు బిందువుల నడుమ దగ్గరి దారి ఏంది?"

"సరళరేఖ సార్!"

"తప్పు. సముద్రం లాగుతున్నప్పుడు దగ్గరి దారి గిట్లుంటది." చుక్క నుంచి గీత పక్కకు పోయి, పోయి, అప్పుడు ఒడ్డుకు తిరుగుతుంది.

మొన్న ముందు బెంచీ పిల్ల చెయ్యెత్తింది. "సార్, ఇది పరీక్షల వస్తదా?"

సార్ సుద్దముక్కతో ఆ చుక్కను ఇంకొంచెం లావు చేశాడు.

"నాకైతే వచ్చింది బిడ్డా," అన్నాడు. "రాస్కోర్రి."