తలుపు తీసి ఉండగానే

సునంద ఛాంబర్స్ బిల్డింగు సెక్రటరీ శ్యామ్‌సుందర్ ఫోన్ చేసి, లిఫ్టు నడిపే కొండమ్మను రేపటినుంచి పనిలోకి రావద్దంటున్నామని చెప్పాడు. విజయేందర్ చేతిలో కాలుతున్న సోల్డరింగ్ కడ్డీని పక్కన పెట్టేశాడు.

నాంపల్లి స్టేషన్‌కు దగ్గరి గల్లీలో అతని దుకాణం. ముప్పై ఏళ్లుగా ఎలక్ట్రానిక్ బోర్డులు బాగుచేస్తున్నాడు. ప్రింటింగ్ మిషన్లవి, దవాఖాన యంత్రాలవి, లిఫ్టులవి ఏవైనా సరే. ఏ పార్టు కాలిందో వాసన చూసి చెప్తాడని ఆబిడ్స్ షాపులవాళ్లు అంటుంటారు. రెండు నెలల కిందట సునంద ఛాంబర్స్ పాత లిఫ్టు బోర్డు కూడా అతనే బాగుచేశాడు. దాన్ని బిగించిన కొన్నాళ్లకు కొండమ్మ, జాలీ తలుపు తీసి ఉండగానే లిఫ్టు కదిలిందని చెప్పింది.

ఎవరూ నమ్మలేదు. ఆ ఇనుప జాలీ పూర్తిగా మూస్తే తప్ప మోటారు తిరగకూడదు. తలుపు పడిన సంగతి ఒక వైరు మీదుగా, ఆరంతస్తుల పైనున్న మోటారు గదిలోని బోర్డుకు చేరుతుంది. బోర్డు ఒప్పుకుంటేనే లిఫ్టు కదులుతుంది. కొండమ్మే కునుకు తీసి ఏదో ఊహించుకుందన్నారు. అయినా శ్యామ్‌సుందర్ బోర్డు విప్పించి పంపాడు. విజయేందర్ దాన్ని బల్ల మీద పెట్టి స్కోపు తగిలించాడు. కరెంటు నడకను తెరమీద గీతగా చూపే పరికరం అది. కరెంటులో పక్కనుంచి పిచ్చి రొద కలిస్తే ఆ గీత ముళ్లకంపలా లేస్తుంది. దాన్నే నాయిస్ అంటారు. గంటసేపు చూసినా గీత నున్నగానే ఉంది. బోర్డులో ఏ లోపమూ లేదని కాగితం మీద రాసి సంతకం చేశాడు.

ఆ కాగితం చూపించే ఇప్పుడామెను తీసేస్తున్నారు.

కాగితంలో అతను రాయని సంగతి ఒకటి ఉంది. మొదటిసారి బాగుచేసినప్పుడు, తలుపు వైరు వచ్చి కలిసేచోట ఒక చిన్న కెపాసిటర్ పగిలి కనిపించింది. బయటి రొదను బోర్డులోకి రానీయకుండా అక్కడే మింగెయ్యడం దాని పని. అలాంటిది దుకాణంలో లేదు. అది తీసేసినా గీత బాగానే ఉంది కదా, తర్వాత వేద్దాంలే అనుకున్నాడు. తర్వాత మరిచిపోయాడు. ఫోన్ పెట్టేశాక, ఖాళీగా వదిలేసిన ఆ రెండు చుక్కల జాగా కళ్లముందుకొచ్చింది.

వెంటనే తిరిగి ఫోన్ చేసి లిఫ్టు ఆపమన్నాడు. నాలుగో అంతస్తు కళ్ల దవాఖానకు పేషెంట్లు వరసకట్టి ఉన్నారని, వచ్చి చూసుకొమ్మని, ఆపడం మాత్రం కుదరదని శ్యామ్‌సుందర్ అన్నాడు. విజయేందర్ చిన్న బ్యాటరీ స్కోపు సంచిలో వేసుకుని బయల్దేరాడు. ఆటో ఎక్కినా ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుందని నడిచే వెళ్లాడు. దారిలో రెండుసార్లు ఎవరినో గుద్దుకున్నాడు.

ఆ బిల్డింగులో పక్కపక్కనే రెండు లిఫ్టులు. రెండోదానికి ఈమధ్యే కొత్త మోటారు పెట్టారు. పాతదాని ముందు కొండమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. సిద్దిపేట దగ్గరి ఊళ్లో పొలం పోయాక పట్నం వచ్చి, పదకొండేళ్లుగా ఆ లిఫ్టులోనే ఉంది. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పమన్నాడు విజయేందర్.

"మూడో అంతస్తుల తలుపు తీసి నిలవడ్డ సారు. పక్క లిఫ్టు లేసింది. గంతే, నా కాళ్లకింద నేల జరిగింది."

"పక్కది లేసినప్పుడేనా?"

"ఔ. రెండుసార్లు గట్లనే అయింది. చెప్తే ఎవలు ఇన్నరు?"

విజయేందర్‌కు తన దుకాణం గుర్తొచ్చింది. బల్ల మీద పక్క లిఫ్టు లేదు. దాని కొత్త మోటారు కరెంటులోకి కలిపే రొద లేదు. అక్కడ గీత నున్నగా ఉండక ఏం చేస్తుంది?

లిఫ్టును మూడో అంతస్తులో నిలిపి, తలుపు తీసి, బయటే ఉండమని చెప్పాడు. ఎవరినీ లోపలికి పోనియ్యొద్దన్నాడు. ఆమె ఫోన్‌కు కాల్ చేసి, కట్ చెయ్యకుండా పట్టుకొమ్మని చెప్పి మెట్లెక్కాడు.

మోటారు గదిలో గ్రీజు వాసన, ఉక్క. పాత మోటారు మెయిన్ స్విచ్ దించాకే పని మొదలుపెట్టాలని అతనికి తెలుసు. ఒక్కసారి గీత చూసి దించుదామనుకున్నాడు. స్కోపు మొన తలుపు వైరు చివర ఆనించగానే తెరంతా ముళ్లు లేచాయి. మరుక్షణం అనుమానమొచ్చి, మొనను దాని ఎర్తు క్లిప్పుకే తాకించి చూశాడు. అప్పుడూ అవే ముళ్లు. అంటే జానెడు పొడవున్న క్లిప్పు వైరే గాలిలోని రొదనంతా పట్టి చూపిస్తోంది. ఆ వైరు పీకేసి, దాని బదులు మొన పక్కనే కురచ ఎర్తు స్ప్రింగు తొడిగి మళ్లీ పెట్టాడు. గీత నున్నగా పడుకుంది.

హమ్మయ్య అనుకున్నాడు. కొండమ్మ పొరబడి ఉంటుందన్న ఆశ కూడా ఒక్క క్షణం తొంగిచూసింది.

అంతలో పక్క మోటారు గుర్రుమంది. గీత నిలువునా లేచింది. బోర్డు మీద తలుపు పడిందని చెప్పే పచ్చదీపం వెలిగింది. మోటారుకు కరెంటు కలిపే రిలే టక్కుమంది. ఏ అంతస్తులోనో ఎవరో బటన్ నొక్కి ఉన్నారు. అతని కళ్లెదుటే పాత మోటారు బ్రేకు వదిలింది, తాళ్ల చక్రం తిరగడం మొదలైంది.

ఫోన్‌లో ఎవరో ముసలామె కేక వినిపించింది. తర్వాత ఏదో ఈడ్చిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

విజయేందర్ మెయిన్ స్విచ్ మీద పడ్డాడు. చక్రం ఆగింది. ఫోన్‌లో కొండమ్మను పిలిచాడు, మళ్లీ పిలిచాడు. జవాబు లేదు. మెట్లమీద పరుగెత్తాడు. ఐదో అంతస్తు, నాలుగో అంతస్తు. కింద ఏం చూడాల్సి వస్తుందో ఊహించకూడదనుకుంటూనే అంతా ఊహించేశాడు.

మూడో అంతస్తులో లిఫ్టు అడుగు ఛాతీ ఎత్తున ఆగిపోయి ఉంది. దాని కింద నల్లటి గొయ్యి నోరు తెరుచుకుని ఉంది. నాలుగడుగుల దూరంలో, కంటికి పట్టీ ఉన్న ఒక ముసలామెను రెండు చేతులా పట్టుకుని కొండమ్మ నేలమీద చతికిలబడి ఉంది. దవాఖాన నుంచి మెట్లు దిగి వచ్చి, వద్దన్నా వినక ముసలామె అడుగు లోపలికి వేయబోయిందట. కొండమ్మ నడుం పట్టి వెనక్కి లాగిందట. ముసలామె కర్ర, కొండమ్మ ఫోన్ గోతిలో పడిపోయాయి.

శ్యామ్‌సుందర్ రొప్పుతూ వచ్చాడు. దవాఖాన జనం మూగారు. విజయేందర్ గోడకు ఆనుకుని, అందరూ వినేట్టు చెప్పాడు.

"కొండమ్మ తప్పేం లేదు. తప్పు నాది. ఒక పార్టు వెయ్యకుండనే బోర్డు ఇచ్చిన. మంచిగుందని రాసిన."

శ్యామ్‌సుందర్ అతన్ని పక్కకు లాగి, నలుగురిలో ఇలాంటి మాటలు వద్దని, పోలీసులదాకా పోతుందని గొణిగాడు. పోతే పోనీ అన్నాడు విజయేందర్. పాత కాగితం తెప్పించి, దాని మీదే జరిగిందంతా రాసి సంతకం పెట్టాడు. మోటారు గదికి తాళం వేయించాడు.

కొండమ్మ అప్పటికి లేచి నిలబడింది.

"ఈ ముసలామె పడి సచ్చిపోతే గూడ మీరు గిట్లనే చెప్పేటోళ్లా సారు?"

విజయేందర్ తల దించుకున్నాడు. చెప్పేవాడో లేదో అతనికే తెలియదు.

పని మూడు రోజులు పట్టింది. కెపాసిటర్ వేశాడు. మోటారు వైర్లతో కలిపి కట్టిన తలుపు వైరును విడదీసి, వేరే గొట్టంలో కొత్తది లాగించాడు. పాత మోటారు స్విచ్ దించి, బోర్డుకు మాత్రం కరెంటు ఉంచి, పక్క లిఫ్టును అరవైసార్లు లేపించి గీత చూశాడు. ఒక్కసారి కూడా పచ్చదీపం వెలగలేదు. అయినా నమ్మకం కుదరక ఇంకో ఇరవైసార్లు చూశాడు.

నాలుగోరోజు పొద్దున స్విచ్ ఎత్తించి, మూడో అంతస్తులో తలుపు బార్లా తీయించి, తానే వెళ్లి లిఫ్టులో నిలబడ్డాడు. పై అంతస్తులో బటన్ నొక్కించాడు. పక్క మోటారు పదేపదే గుర్రుమంది. చెయ్యి జాలీని వదల్లేదు. కాళ్లకింద నేల మాత్రం కదల్లేదు. కొండమ్మ బయట నిలబడి అతని మొహం వంకే చూస్తోంది. చాలాసేపటికి దగ్గరికొచ్చింది.

"జరుగున్రి సారు. నా జాగ అది."

అతను బయటికొచ్చాడు. ఆమె లోపలికి వెళ్లి తలుపు లాగింది. లిఫ్టు పైకి కదిలింది. విజయేందర్ మెట్లమీద కూలబడి, అది మళ్లీ కిందికి వచ్చేదాకా తాళ్ల చప్పుడు వింటూ ఉండిపోయాడు.