స్టవ్ వెలిగించింది ఎవరు?

ఇంట్లో అడుగుపెట్టగానే అక్కకి మాడు వాసన తగిలింది. వంటింట్లో పాలగిన్నె అడుగు నల్లబడి ఉంది. స్టవ్ ఆపేసి ఉన్నా ఇంకా సెగ తగ్గలేదు. పక్కనే తమ్ముడు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

"వెలిగించింది నువ్వేనా?"

"కాదు. నేను ఆపాను."

వాడికి పాతికేళ్ళు. ఏదైనా నేర్చుకోవడానికి మిగతావాళ్ళకన్నా చాలా కాలం పడుతుంది. నేర్చుకున్నాడంటే మాత్రం ఇంటిల్లిపాదిచేతా అదే చేయిస్తాడు. అందుకే వాణ్ణి మేనేజరు అంటారు. అక్క కళ్ళజోళ్ళ దుకాణంలో పనికి వెళ్తే వాడు పొద్దుట శిక్షణ కేంద్రంలో, మధ్యాహ్నం నుంచి అమ్మ దగ్గర ఉంటాడు.

కేంద్రంలో ఈమధ్య కంప్యూటర్ ఆటలతో ఇంటిపనులు నేర్పుతున్నారు. మేనేజరు వంటింటి ఆట వదలడు. అక్కకి అది మొదటినుంచీ నచ్చలేదు. తెరమీద మంటకి చెయ్యి కాలదు, ఇంట్లో కాలుతుంది. ఆ తేడా వీడికి తెలుసా?

"అమ్మా, వీడు స్టవ్ ముట్టుకుంటున్నాడా?"

అమ్మ బట్టలు మడతపెడుతూ తలెత్తలేదు. "ఏమోనే, కునుకు పట్టింది. వాణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండాలి."

మర్నాడు అక్క కేంద్రానికి వెళ్ళి టీచరుని నిలదీసింది. "మీ ఆటల సంగతేమోగానీ, మా కొంప అంటుకునేలా ఉంది."

టీచరు నొచ్చుకుంది. అయినా ఆట తెరిచి చూపించింది. "వెలిగించడం మేమింకా నేర్పలేదండీ. ఎవరైనా స్టవ్ వదిలేస్తే ఆపడం, కిటికీ తెరవడం, అంతవరకే. మొదట్లో తికమకపడేవాడు. ఇప్పుడు పొగ కనబడితే చాలు, టక్కున ఆపేస్తున్నాడు."

తప్పు తమమీదికి రాకుండా మాట దాటేస్తోందనుకుంది అక్క. శనివారం కేంద్రానికి సెలవు. ఆ రోజు పనికి వెళ్తున్నట్టే బయల్దేరి, ఇంటి వెనక్కి తిరిగొచ్చి, వంటింటి కిటికీ పక్కన దొంగలా నక్కింది.

అద్దంలోంచి చూస్తే వంటింట్లోకి వచ్చింది అమ్మ. పాలు పెట్టి, స్టవ్ వెలిగించి, వెళ్ళిపోయింది. పాలు కాగాయి. పొంగి మంటమీద పడ్డాయి. అమ్మ రాలేదు. అక్క గుమ్మంవైపు పరుగెత్తబోతుంటే మేనేజరు లోపలినుంచి వచ్చాడు. మీట తిప్పాడు, కిటికీ బయటికి తోశాడు. రెక్క వచ్చి అక్క భుజానికి తగిలింది.

వాడు హడలిపోయాడు. "అమ్మ చెప్పొద్దంది! చెబితే నువ్వు తనచేత వంట మానిపించేస్తావంట."

అలికిడికి అమ్మ వచ్చి, పొంగిన పాలు చూసి, గోడకి ఆనుకుంది.

"ఎన్నాళ్ళనుంచమ్మా?"

"ఏమో. వెలిగించిన సంగతే గుర్తుండట్లేదే. భయమేసింది. నువ్వు వాణ్ణి అనుమానిస్తుంటే... ఊరుకున్నాను."

అక్క లోపలికి వెళ్ళి తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "తప్పయిపోయిందిరా."

వాడు విసురుగా చెయ్యి లాక్కున్నాడు.

సోమవారం అక్క సెలవు పెట్టి అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన పరీక్షలు చేయించమని రాశాడు. ఏ సంగతీ వాటి ఫలితాలు వచ్చాకే చెబుతానన్నాడు. అందాకా మేనేజరు పక్కన లేకుండా అమ్మ స్టవ్ వెలిగించకూడదని ముగ్గురూ అనుకున్నారు.

"నాకు వీడి కాపలానా!" అని అమ్మ గొణిగింది. గొణుగుతూనే కూరగాయల బుట్ట తెచ్చి, కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.